బెలూన్ ఉబ్బింది, బరువెందుకు తగ్గింది?

(గుంటూరులో బి.ఎడ్. ఛాత్రోపాధ్యాయుల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

ఛాత్రోపాధ్యాయ మిత్రులారా,

రసాయన సమీకరణం తుల్యం చెయ్యమంటే మీరు చకచకా చేసేస్తారు. తెర్లుతున్న నీళ్ళలో బుడగల్లో ఏముందని అడిగితే మాత్రం కొందరు గాలి అంటారు, కొందరు హైడ్రోజన్, ఆక్సిజన్ అంటారు. ఉన్నది నీటి ఆవిరే. అణువుల దగ్గర ఏం జరుగుతోందో మనసులో బొమ్మ కట్టకపోతే సూత్రాలెన్ని వచ్చినా ఇలాగే చిక్కుతాం.

రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదనే ద్రవ్యనిత్యత్వ నియమానికి టీచింగ్ ప్రాక్టీస్‌లో చాలామంది ఎంచుకునే ప్రయోగాన్నే చూడండి. సీసాలో వెనిగర్, బెలూన్‌లో 4.2 గ్రాముల వంటసోడా. బ్రాడీపేట కిరాణా కొట్లో కొన్న వెనిగర్ 5 శాతందైతే 60 మి.లీ., 4 శాతందైతే 75 మి.లీ. పొయ్యాలి. తగ్గితే సోడా మిగిలిపోతుంది. బెలూన్ తొడిగి తూచి, సోడా వంపి, మళ్ళీ తూస్తే నగల త్రాసు ఒక గ్రాముకు పైనే తగ్గిందని చూపిస్తుంది. "ఎక్కడో లీకయింది పిల్లలూ" అని సర్దేస్తారు. బెలూన్ గట్టిగా బిగించినా తగ్గుతుంది!

లెక్క కట్టండి. మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత. వంటసోడా ఒక మోల్ 84 గ్రాములు, మనం వేసింది 0.05 మోల్. మోల్ సోడాకు మోల్ వాయువు పుడుతుంది. గది ఉష్ణోగ్రతలో మోల్ వాయువు సుమారు 24 లీటర్లు, కాబట్టి పుట్టేది 1.2 లీటర్ల కార్బన్ డయాక్సైడ్. బెలూన్ దాదాపు అంత గాలినీ పక్కకు నెట్టింది. లీటరు గాలి 1.2 గ్రాములు తూగుతుంది. అంటే ఉత్ప్లవనం వల్లే, చుట్టూ ఉన్న గాలి బెలూన్‌ని పైకి నెట్టడం వల్లే, 1.4 గ్రాముల దాకా తరుగు కనిపిస్తుంది. కొంత వాయువు ద్రవంలో కరుగుతుంది గనుక కాస్త తక్కువే రావచ్చు. ద్రవ్యరాశి ఎక్కడికీ పోలేదు.

అందుకే బెలూన్ మానెయ్యండి. లీటరు కూల్‌డ్రింక్ సీసా తెచ్చుకోండి. మంచినీళ్ళ సీసా పల్చన, ఉబ్బుతుంది, మళ్ళీ అదే తంటా. 20 మి.లీ. వెనిగర్, టిష్యూ కాగితంలో చుట్టిన 1 గ్రాము సోడా. అంతకు మించి వెయ్యొద్దు. పొట్లం, మూతతో సహా తూచి, పొట్లం జారవిడిచి వెంటనే మూత బిగించండి. నురగ అణిగాక తూస్తే బరువు మారదు.

మూత తిప్పితే బుస్సుమంటుంది, సుమారు 0.3 గ్రాము తగ్గుతుంది. పుట్టిన వాయువేమో 0.5 గ్రాము. మిగతాది ఏదని పిల్లల్నే అడగండి. సీసా ఖాళీలో కొంత, వెనిగర్‌లో కరిగి కొంత ఉందని ఎవరో ఒకరు పట్టుకుంటారు.