ఇంట్లో అల్యూమినియం అనోడైజింగ్: సామాను అమర్చుకోవడం ఎలా?

నమస్కారం. లేత్ మీద చేసుకున్న నాబ్, సైకిల్ బిగింపు, డ్రోన్ ఫ్రేములోని ముక్క... ఇలాంటి చిన్న అల్యూమినియం భాగాలకు ఇంట్లోనే అనోడైజింగ్ (ఆమ్లంలో ముంచి, విద్యుత్తుతో వాటి పైన గట్టి ఆక్సైడ్ పొర ఏర్పరచడం) చేయడానికి కావలసిన సామాను ఈ రోజు అమర్చుకుందాం. ఇనుముకు, స్టీలుకు ఈ పద్ధతి పనికిరాదు. అల్యూమినియంలోనూ 6061, 6063 అనే మిశ్రమలోహ రకాలకు రంగు చక్కగా పడుతుంది. పోతపోసిన భాగాల్లో సిలికాన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవి బూడిద రంగుకు తిరుగుతాయి.

ముందు చోటు చూసుకోండి. వంటగది వద్దు, తలుపులు మూసిన గది అసలే వద్దు. పని జరుగుతున్నంతసేపూ హైడ్రోజన్ వెలువడుతుంది, బుడగలతో పాటు ఆమ్లపు తుంపర కూడా లేస్తుంది. నీడ ఉన్న డాబా మంచిది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఒక బకెట్ నీళ్లు, ఒక డబ్బా వంటసోడా చేతికందేలా పెట్టుకోండి.

తొట్టెకు మందపాటి ప్లాస్టిక్ బకెట్ చాలు. ముందుగా 2 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. తర్వాత 2 లీటర్ల బ్యాటరీ యాసిడ్‌ను (సల్ఫ్యూరిక్ ఆమ్లం) సన్నని ధారగా, కలుపుతూ పోయండి. ఈ వరుస ఎప్పుడూ మార్చకండి. ఆమ్లంలో నీళ్లు పోస్తే ఆ వేడికి మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కొత్త బ్యాటరీ యాసిడ్ సుమారు 35 శాతం గాఢతతో ఉంటుంది. ఇలా కలిపితే 20 శాతం దగ్గరకు వస్తుంది, మనకు కావలసింది అంతే.

ఇప్పుడు థర్మామీటర్ ముంచి చూడండి. ద్రావణం 20 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో మే నెలలో అది తనంతట తాను ఆ స్థాయికి రాదు. వేడెక్కిన ఆమ్లం ఏర్పడుతున్న పొరను కరిగించేస్తుంది, వేలితో రుద్దితే తెల్లని పొడి రాలుతుంది. అందుకే ఈ బకెట్‌ను పెద్ద టబ్బులో పెట్టి చుట్టూ ఐసు నింపుతున్నాను. అక్వేరియం పంపు గొట్టం అడుగున ఉంచితే ద్రావణం కదులుతూ చల్లదనం అంతటా సమానంగా ఉంటుంది.

మైనస్ వైపు సీసం రేకు గానీ అల్యూమినియం రేకు గానీ వేలాడదీయండి. ప్లస్ వైపు మన భాగం. దీన్ని కట్టే తీగ కూడా అల్యూమినియమే కావాలి. రాగి తీగ ఆమ్లంలో మునిగితే కరిగిపోతుంది. కెమెరాను దగ్గరకు తెస్తాను, ఈ రంధ్రం చూడండి. తీగ కొనను కొద్దిగా సాగగొట్టి, ఇందులోకి బిగుతుగా దూర్చాను. ఊపినా కదలడం లేదు. నా మటుకు మొత్తం అమరికలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ బిగువే. తీగ కాస్త జరిగినా ఆ సందులో పొర ఏర్పడుతుంది. ఆ పొర గుండా విద్యుత్తు పారదు, పని అక్కడితో ఆగిపోతుంది.

కరెంటు అందించడానికి ఆంపియర్లను స్థిరంగా ఉంచగల డీసీ పవర్ సప్లయ్ తీసుకోండి. 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఈ పలకకు రెండు వైపులా కలిపి 100 చదరపు సెంటీమీటర్లు. ఆ వైశాల్యానికి 1.3 ఆంపియర్లు పెడుతున్నాను. అరగంటలో పొర సుమారు 12 మైక్రాన్లకు చేరుతుంది. వోల్టులు 12 నుంచి 18 మధ్య మెల్లగా పెరుగుతుంటే పని సవ్యంగా సాగుతోందని అర్థం. ఆంపియర్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే తీగను చూడండి.

సమయం అయ్యాక స్విచ్ కట్టేసి, భాగాన్ని తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి. మల్టీమీటర్ ముల్లులు రెండూ పైన ఆనించండి, విద్యుత్తు పారకపోతే పొర పడినట్టే. పొరలోని సూక్ష్మరంధ్రాలు తెరిచి ఉండగానే రంగులో ముంచి, ఆ తర్వాత అవి మూసుకునేలా మరిగే డిస్టిల్డ్ వాటర్‌లో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. మిగిలిన ఆమ్లం మళ్లీ వాడుకోవచ్చు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పేరు రాసి అంటించి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. తాగునీటి సీసాలో మాత్రం ఎన్నడూ పోయకండి.