కంకర గురించి నాలుగు మాటలు

మిత్రులారా,

ఇల్లు కట్టే చోట వీధిలో కుప్ప పోసేది కంకర. రైలు పట్టాల కింద పరిచేదీ కంకరే. నాలుగు వానలు పడితే ‘కంకర తేలిన రోడ్లు’ అని పేపర్లో చదువుతాం. మాట ఒకటే, రాయి కూడా దాదాపు ఒకటే. పని మాత్రం పూర్తిగా వేరు. సివిల్ చదువుతున్న మీకు ఈ తేడా పుస్తకంలో కన్నా సైట్‌లో బాగా తెలుస్తుంది.

ఇంటి స్లాబుకు మామూలుగా 20 ఎంఎం కంకర వాడతాం. మేస్త్రీలు ముప్పావు అంగుళం అంటారు. కాంక్రీటులో 60 నుంచి 75 శాతం దాకా కంకర, ఇసుకే ఉంటాయి. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు చేరాలి. కాంక్రీటును అదిరించి సర్దే వైబ్రేటర్ పెట్టేది అందుకే. సందు మిగిలితే అక్కడ గుల్ల పడుతుంది, నీరు దిగి కమ్మి తుప్పు పడుతుంది.

రైల్వేలో దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ నీరు కిందికి దిగిపోవడానికి సందులు ఖాళీగానే ఉండాలి. అందుకే సుమారు 20 నుంచి 65 ఎంఎం దాకా ఉన్న పెద్ద రాయి వేస్తారు, అదీ కోసుగా పగిలినది. ఏటి గులకరాయి దొర్లిపోతుంది. కోసురాయి ఒకదాన్నొకటి పట్టుకుని స్లీపర్‌ను, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెను, కదలనివ్వదు. ఈ పట్టు విలువ ఎండాకాలంలో తెలుస్తుంది. అతుకులు లేని పొడవాటి పట్టా వేడికి సాగాలని చూస్తుంది, సాగే చోటు ఉండదు. స్లీపర్ చివర్లలో కంకర తగ్గితే పట్టా పక్కకు వంకర తిరుగుతుంది. మండే ఎండలో కంకర ఎగదోస్తూ కనిపించే ట్రాక్‌మ్యాన్లు ఆ ప్రమాదాన్నే ఆపుతున్నారు. వాళ్ల పనికి మనం ఇచ్చే గౌరవం చాలదని నా అభిప్రాయం.

రైళ్ల బరువుకు రాయి అరిగి పొడి అవుతుంది, మట్టి కలుస్తుంది, సందులు పూడుకుపోతాయి. వాన తర్వాత రైలు వెళ్తుంటే స్లీపర్ పక్కన బురద పైకి చిమ్ముతుంది. అది కనిపిస్తే కింద నీరు దిగడం లేదని అర్థం. అప్పుడు కంకర తవ్వి, జల్లెడ పట్టి, మంచిది తిరిగి వేస్తారు. ఇప్పుడు దానికి మెషిన్లున్నాయి.

హైదరాబాద్ మెట్రో వంతెన మీద విడి కంకర ఉండదు, పట్టాలు కాంక్రీటు మీదే బిగిస్తారు. కంకర పోలేదు, కాంక్రీటు లోపలికి వెళ్లింది.

రెండు చోట్లా పనికిరానిది మట్టి. రేపు సైట్‌లో లోడు దిగగానే గుప్పెడు కంకర బకెట్ నీళ్లలో వేసి కలపండి. నీళ్లు చిక్కగా ఎర్రబడితే కడిగిన తర్వాతే మిక్సర్‌లో వేయించండి.