పసిపిల్లల ఒంటిపై స్ట్రాబెర్రీ మచ్చ: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

[తెరపై: నిద్రపోతున్న పాప ముఖం, దగ్గరగా]

పాప పుట్టినప్పుడు నుదురు నున్నగానే ఉంది. రెండో వారంలో స్నానం చేయిస్తుంటే కనుబొమ్మ పైన దోమ కుట్టినట్టు ఒక ఎర్రటి చుక్క కనిపించింది. దోమే కుట్టిందనుకున్నారు. నాలుగో వారానికి అది శనగగింజంత అయింది. ఆరో వారానికి ఉబ్బెత్తుగా, ముదురు ఎరుపులో, పైన చిన్న చిన్న గరుకులతో అచ్చం స్ట్రాబెర్రీ పండులా తయారైంది.

ఇలాంటప్పుడు ఇంట్లో ఒకరు "అదే పోతుందిలే" అంటారు. ఇంకొకరు ఫోన్‌లో వెతికి, "కణితి" అన్న మాట చూసి హడలిపోతారు. చాలామంది పిల్లల విషయంలో మొదటివాళ్ళ మాటే నిజమవుతుంది. కానీ కొంతమంది పిల్లలకి ఆ మాట నమ్మి కూర్చోవడమే నష్టం చేస్తుంది. ఆ కొంతమందిని తొందరగా గుర్తుపట్టడం ఎలాగో చెప్పడానికే ఈ వీడియో.

[తెరపై: చర్మం కింద రక్తనాళాల బొమ్మ]

డాక్టర్లు దీన్ని ఇన్‌ఫంటైల్ హీమాంజియోమా అంటారు. రక్తనాళాల లోపలి గోడల్లో ఉండే కణాలు ఒకచోట గబగబా పెరిగిపోతే ఇది ఏర్పడుతుంది. పేరుకి కణితే గానీ క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. 100 మంది పసిపిల్లల్లో నలుగురైదుగురికి వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో ఎక్కువ. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినడం వల్లో, ఏదో పని చేయడం వల్లో వచ్చేది కాదు. ఈ మాట తల్లులకి ఎవరూ గట్టిగా చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను: మీ తప్పేమీ లేదు.

పుట్టిన రోజున ఇది చాలామందిలో కనిపించదు. కనిపించినా పాలిపోయిన మచ్చలానో, దెబ్బ తగిలి కమిలినట్టో, సన్నటి ఎర్రదారాలు అల్లుకున్నట్టో ఉంటుంది. పెరిగాక వేలితో మెల్లగా నొక్కి వదిలితే కాస్త పాలిపోయి, మళ్ళీ రక్తం నిండి ఎర్రబడుతుంది. కొన్ని చర్మం లోపల పెరుగుతాయి. వాటికి పైన ఎరుపు ఉండదు, నీలం ఛాయతో మెత్తటి వాపులా కనిపిస్తాయి. ఇవి కాస్త ఆలస్యంగా బయటపడతాయి, ఎక్కువకాలం పెరుగుతాయి.

ఎర్రగా ఉన్న ప్రతి మచ్చా ఇది కాదు. మెడ వెనక, కనురెప్పల మీద లేత గులాబీ రంగులో ఉండి, ఏడ్చినప్పుడు ముదిరే మచ్చలు వేరే, వాటితో ప్రమాదం లేదు. పుట్టినప్పటి నుంచీ ముదురు ఎరుపులో, చదునుగా ఉండి, బిడ్డతో పాటే పెరిగే పోర్ట్ వైన్ మచ్చ ఇంకొకటి. అది దానంతట అది పోదు. తేడా మీ అంతట మీరు తేల్చుకోకండి, ఒకసారి డాక్టర్‌కి చూపించండి.

[తెరపై: వారాల గీత. అయిదు నుంచి ఏడు వారాల మధ్య ఎర్రగా వెలుగుతుంది]

ఇప్పుడు అసలు సంగతి. ఈ మచ్చ అన్నిటికంటే వేగంగా పెరిగేది సుమారు 5 నుంచి 7 వారాల వయసులో. పైపైన ఉండే మచ్చలు మూడు నెలలు నిండేసరికే తమ పూర్తి సైజులో దాదాపు 80 శాతానికి చేరిపోతాయి. అంటే "తర్వాతి టీకాకి వెళ్ళినప్పుడు అడుగుదాంలే" అనుకునేలోపే పెరగాల్సింది పెరిగిపోతుంది. అప్పటికి సాగిన చర్మం మళ్ళీ పాత చర్మంలా అవ్వడం కష్టం. అందుకే 2019లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చిన మార్గదర్శకాలు, ప్రమాదం ఉండే మచ్చల్ని నెల వయసుకల్లా నిపుణులు చూడాలని చెప్పాయి.

ఏది ప్రమాదం? సైజు కంటే ముందు చోటు చూడండి. వీపు మీద రూపాయి బిళ్ళంత మచ్చ కంటే కనురెప్ప మీద బఠాణీ గింజంత మచ్చకే ఎక్కువ కంగారు పడాలి. అది కంటికి అడ్డుపడినా, కనుగుడ్డు మీద ఒత్తిడి పెట్టినా ఆ కంటి చూపు సరిగా ఎదగదు. పసితనంలో పోయిన ఆ అవకాశం పెద్దయ్యాక తిరిగి రావడం కష్టం. ముక్కు కొన మీద, పెదవి మీద వస్తే ఆకారం మారిపోతుంది. గడ్డం, దవడ ప్రాంతమంతా పరుచుకుంటే గొంతు లోపల కూడా ఉండొచ్చు. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు కీచుమని శబ్దం వస్తే, గొంతు బొంగురుపోతే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముఖం మీద, తల మీద పెద్ద పట్టీలా ఉంటే మెదడు రక్తనాళాలు, గుండె, కళ్ళు పరీక్షిస్తారు. నడుము కింద మధ్యలో ఉంటే వెన్నుపాము చూస్తారు. ఒంటి మీద మొత్తం అయిదు, అంతకంటే ఎక్కువ ఉంటే లోపల కాలేయంలో కూడా ఉన్నాయేమోనని అల్ట్రాసౌండ్ చేస్తారు.

ఇంకొకటి, పుండు పడటం. పెదవి మీద, మెడ మడతల్లో, డైపర్ కట్టేచోట రాపిడికి పైచర్మం చిట్లిపోతుంది. బిడ్డ భరించలేనంత నొప్పి ఉంటుంది, పాలు తాగదు, నిద్రపోదు. మూడు నెలల లోపే మచ్చ మధ్యలో బూడిద తెలుపు కనిపిస్తే పుండుకి ముందు సూచన కావచ్చు, వెంటనే చూపించండి. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో అయిదు, పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. ఆగిందా లేదా అని మధ్య మధ్యలో తీసి చూడకండి. మళ్ళీ మొదలవుతుంది. అలా పట్టుకున్నా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళండి.

[తెరపై: సిరంజిలో కొలిచిన సిరప్]

మందు సంగతికి వద్దాం. ఒకప్పుడు స్టెరాయిడ్లే దిక్కు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ముక్కు మీద హీమాంజియోమా ఉన్న ఒక బిడ్డకి స్టెరాయిడ్లు వాడుతుండగా గుండె కండరం మందంగా మారింది. గుండె కోసం ప్రొప్రనలాల్ అనే పాత మందు మొదలుపెట్టారు. మర్నాటికే ముక్కు మీది మచ్చ ముదురు ఎరుపు నుంచి ఊదారంగుకి మారి, మెత్తబడింది! అక్కడి డాక్టర్లు మరికొందరు పిల్లల్లోనూ అదే చూసి 2008లో ప్రపంచానికి చెప్పారు. ఇప్పుడు నోటి మందు అవసరమైన పిల్లలకి మొదట ఇచ్చేది అదే. 2015లో వచ్చిన పెద్ద పరిశోధనలో, ఆరు నెలలు సరైన మోతాదులో వాడిన పిల్లల్లో 60 శాతం మందికి మచ్చ పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళలో అది 4 శాతమే.

గుండె మందు అనగానే టెన్షన్ పడతారు, సహజం. మొదలుపెట్టే ముందు డాక్టర్ గుండె వేగం చూస్తారు, ఆస్తమా లాంటివి ఉన్నాయా అని అడుగుతారు. మోతాదు బిడ్డ బరువుని బట్టి ఉంటుంది, బరువు పెరిగే కొద్దీ మారుస్తారు. ఇంట్లో మాత్రం ఒక నియమం ఎప్పుడూ తప్పకూడదు: ఖాళీ కడుపుతో ఈ మందు ఇవ్వకండి. రక్తంలో చక్కెర పడిపోతుంది. పాలు పట్టేటప్పుడు గానీ, పట్టిన వెంటనే గానీ ఇవ్వండి. బిడ్డ వాంతులు చేసుకుంటున్నా, పాలు సరిగా తాగకపోయినా, ఆయాసంతో పిల్లికూతలు వినిపిస్తున్నా ఆ డోసు ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. డోసు వేశాక బిడ్డ కక్కేస్తే మళ్ళీ వేయకండి. చేతులు చల్లబడటం, నిద్ర చెదరడం కొందరిలో ఉంటాయి. మత్తుగా పడుకుని లేవకపోతే, ఒళ్ళంతా చెమటలు పడితే, వణికితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

చిన్నగా, పల్చగా ఉన్న మచ్చలకి టిమోలాల్ చుక్కలు పైన రాయిస్తారు. అవి కంటి జబ్బు కోసం తయారైన చుక్కలే. పుండు మీద మాత్రం మీ అంతట మీరు రాయకండి.

ఏ మందూ అక్కర్లేదని డాక్టర్ చెబితే అప్పుడు మీ పని ఫోటోలు తీయడం. వారానికి ఒకసారి, అదే కిటికీ వెలుగులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. రోజూ చూసే కంటికి పెరుగుదల తెలియదు, ఫోటోలు చెబుతాయి.

[తెరపై: ఒకే మచ్చ, మూడు నెలలు, ఏడాదిన్నర, నాలుగేళ్ళు]

ఏడాది దాటాక ఎరుపు తగ్గి, మధ్యలో నుంచి బూడిద రంగు మొదలవుతుంది. చాలా మచ్చలు నాలుగేళ్ళకల్లా తగ్గాల్సినంత తగ్గిపోతాయి. తగ్గడం అంటే ప్రతిసారీ ఆనవాలు లేకుండా పోవడం కాదు. కొందరికి సన్నటి ఎర్రగీతలు, ముడతలు పడిన వదులు చర్మం, మెత్తటి కొవ్వు ముద్ద మిగులుతాయి. గీతలకి లేజర్, మిగిలిన చర్మానికి చిన్న ఆపరేషన్ ఉన్నాయి. సాధారణంగా మూడు నుంచి అయిదేళ్ళ మధ్య, బిడ్డ అద్దంలో తనని తాను చూసుకుని "ఇదేంటమ్మా?" అని అడిగే వయసులో వాటి గురించి ఆలోచిస్తారు.