హీరోకి పట్టిన కవచం మీకెందుకు పట్టదు

[దగ్గరి షాట్: బల్ల మీద సేనాధిపతి కవచం. వెంటనే ఇంకో షాట్: అదే కవచం మనిషి ఒంటి మీద. రెండు చేతులూ పైకెత్తగానే మెడ అంచు వెళ్లి గడ్డానికి కొట్టుకుంది.]

బల్ల మీద ఉన్నంతసేపూ కవచంలో వంక పెట్టడానికేం ఉండదు. ఒంటి మీదకి ఎక్కిందంటే మాత్రం చేతులెత్తితే గడ్డం కింద గుచ్చుకుంటుంది, కూర్చుంటే ఇంకాస్త పైకి జరుగుతుంది, నడిస్తే పిక్కల కవచం చీలమండల మీదకి జారిపోతుంది. ఫొటో చూసినవాళ్లు "బానే ఉంది గానీ సినిమాలో ఉన్నట్టు లేదు" అంటారు. తేడా నగిషీలో ఉందనుకుని మనం నగిషీ మళ్లీ చెక్కుతాం. తేడా ఉండేది చాలాసార్లు ఫిట్టింగ్‌లోనే.

చెప్పుల్లో వాడే మెత్తటి ఈవా ఫోమ్‌తో సినిమా హీరో వేషం కట్టడానికి జానపద సినిమాల తరహా కవచం కోసి, అతికించి పెట్టుకున్నారు, రంగు ఇంకా వేయలేదు. అక్కణ్నుంచి మొదలుపెడదాం. రంగు వేసేశాక చూస్తున్నవాళ్లూ చూడండి, కాకపోతే సాండ్ పేపర్ దగ్గర పెట్టుకోండి.

[షాట్: ఫోన్‌లో నిలువెత్తు స్టిల్. దాని మీద వేలితో గీతలు.]

ముందు రిఫరెన్స్ సంగతి. పోస్టర్ నమ్మకండి. పోస్టర్‌లో నడుము సన్నం చేస్తారు, భుజాలు పెంచుతారు. సినిమాలోంచే ఫ్రేములు తీసుకోండి. మనిషి నిలువుగా నిలబడి, కెమెరా ఛాతీ ఎత్తులో, కాస్త దూరంగా ఉన్న ఫ్రేములు కావాలి. దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీసిన షాట్‌లో ముందుకొచ్చిన భుజం ఉన్నదానికంటే పెద్దగా కనపడుతుంది. దాన్ని కొలిచి కోస్తే భుజకీర్తులు చాటల్లా తయారవుతాయి.

స్కేలు పెట్టి కొలవడానికి హీరో ఒంటి కొలతలు మనకి తెలీవు, తెలిసినా పనికిరావు. మొహాన్ని కొలబద్ద చేసుకోండి. శిరస్త్రాణం నుదురు కప్పేస్తుంది కాబట్టి గడ్డం కింది నుంచి కనుబొమ్మల దాకా ఉన్న దూరాన్ని ఒక వంతు అనుకోండి. కంఠం గుంట నుంచి నడుము పట్టా దాకా ఆ ఫ్రేములో 3 వంతులు వచ్చిందనుకుందాం. మీ మొహం మీద ఆ దూరం 12 సెంటీమీటర్లయితే మీ ఛాతీ పలక 36 దగ్గర ఆగాలి. భుజకీర్తి కింది అంచుకీ ముంజేతి కవచం పై అంచుకీ మధ్య కనపడే చెయ్యి ఎంతో కూడా ఇలాగే లెక్కేయండి. ఈ ఖాళీ చాలా ముఖ్యం. అది సరిగ్గా కుదిరితే నగిషీలో చిన్న చిన్న తేడాలు ఎవరి కంటికీ ఆనవు.

[షాట్: పంచె కట్టు, లోపలి జాకెట్ వేసుకుని నిలబడ్డ మనిషి. టేపుతో నడుము కొలుస్తున్నారు.]

కొలతలు లోపలి బట్టలన్నీ వేసుకున్నాకే తీయాలి. పంచె కుచ్చిళ్లు దోపితే బొడ్డు దగ్గర ఒక గుత్తి వస్తుంది. బనీను మీద కొలిచి పట్టా కోస్తే, వేషం కట్టే రోజు కుచ్చిళ్ల మీద బకిల్ అందదు.

ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. టేపు చెప్పేది ఒంటి చుట్టుకొలత, అంటే ఫోమ్ లోపలి అంచు. ఫోమ్‌కి మందం ఉంది. గుండ్రంగా వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, మధ్య పొర మాత్రమే అదే పొడవులో ఉంటుంది. అందుకని మందాన్ని 3.14తో గుణించి చుట్టుకొలతకి కలపాలి. 10 మిల్లీమీటర్ల ఫోమ్‌కి 31 మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్లదైతే 16. ముంజేతి కవచం పేపర్ మీద సరిపోయి ఫోమ్‌లో బిగుతైందంటే కారణం ఇదే. అప్పటికే కోసేసి ఉంటే బాధేం లేదు. ముంజేతి లోపలి వైపు, అరచేయి ఉండే వైపు, నిలువునా కోసి 2 సెంటీమీటర్ల ఖాళీ వదిలి తాడు అల్లండి. కెమెరాకి ఆ వైపు అరుదుగా కనపడుతుంది.

[షాట్: మనిషి కవచం వేసుకుని ఒక్కొక్క కదలికా చేస్తున్నాడు. పక్కన ఒకరు సుద్దముక్కతో గుర్తులు పెడుతున్నారు.]

ఇప్పుడు అసలు పని. రెండు చేతులూ ఎత్తండి. కత్తి దూస్తున్నట్టు కుడిచెయ్యి ఎడమ నడుము మీదకి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోండి. కాళ్లకి దండం పెడుతున్నట్టు వంగండి. నాలుగు మెట్లు ఎక్కి దిగండి. ఎక్కడ గుచ్చుకుందో అక్కడ పక్కవాళ్లు సుద్దతో గీత పెట్టాలి. మీరే గీసుకోబోతే ఒళ్లు వంగి గుర్తు తప్పుతుంది.

గుర్తు పెట్టిన చోట వెంటనే కత్తి పెట్టొద్దు. గుచ్చుకున్న చోటు ఒకటి, దానికి కారణమైన చోటు ఇంకొకటి. మెడ అంచు గడ్డానికి తగిలిందని మెడ కోసేస్తే సినిమాలో ఉన్న మెడ ఆకారం పోతుంది, కవచం మాత్రం పైకి వస్తూనే ఉంటుంది. చేతులెత్తినప్పుడు పైకొస్తే తప్పు చంకలో ఉంది. చంక దగ్గర ముందు వైపు గుండ్రంగా, 5 మిల్లీమీటర్ల చొప్పున తీస్తూ ప్రతిసారీ చెయ్యెత్తి చూడండి. భుజకీర్తి ఆ కోతను కప్పేస్తుంది, ఎవరికీ తెలీదు. కూర్చున్నప్పుడు పైకొస్తే తప్పు కింది అంచులో ఉంది. తొడలు ఆ అంచుని తోస్తున్నాయి.

ఈ రెండోదానికి మాత్రం కోస్తే కుదరదు. సినిమా కవచం ఛాతీ నుంచి పొత్తికడుపు దాకా ఒకే పలకలా దిగుతుంది. అక్కడ కురచ చేస్తే పోలిక పోయినట్టే. హీరో ఆ కవచంతో కూర్చునే షాట్ ఎన్ని సెకన్లు ఉంటుందో మీరే చూసుకోండి. మీరు మాత్రం సాయంత్రం దాకా వేసుకోవాలి. కాబట్టి పలకను రెండు చేయండి.

[చాలా దగ్గరి షాట్: పలక లోపలి వైపు. కోత, కింద దాగిన పట్టీ, మూడు ఎలాస్టిక్ ముక్కలు.]

సహజమైన నడుము మడత దగ్గర, నగిషీలో అడ్డగీత ఏదైనా ఉంటే సరిగ్గా ఆ గీత వెంబడి కోయండి. కింది ముక్కకి పై అంచున 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ, 2 లేక 3 మిల్లీమీటర్ల పల్చటి ఫోమ్‌తో, అతికించండి. ఆ పట్టీ పై పలక వెనక్కి దూరుతుంది. లోపలి వైపు మూడు చోట్ల, మధ్యలో ఒకటి, పక్కలకి రెండు, 25 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ వేయండి. నిలబడితే ఒకే పలకలా కనపడుతుంది. కూర్చుంటే కింది ముక్క పైకి జారి పై పలక వెనక దాక్కుంటుంది. పక్క ఎలాస్టిక్‌లు మధ్యదానికంటే కొంచెం వదులుగా ఉండాలి. మూడూ ఒకేలా బిగిస్తే పక్కకి తిరిగినప్పుడు కింది ముక్క వంకరగా ఆగిపోతుంది. పట్టీకి ముందే నల్లరంగు వేయండి, లేకపోతే వంగినప్పుడల్లా ఫోమ్ అసలు రంగు బయటపడుతుంది.

[షాట్: నవారు, రెక్సిన్ ముక్కలు, బకిళ్లు, టిచ్ బటన్లు.]

పట్టీల సంగతి. బరువు మోసే చోట ఎలాస్టిక్ వద్దు. భుజాల మీద ఎలాస్టిక్ వేస్తే గంటలో సాగి, కష్టపడి కుదిర్చిన ఎత్తు రెండు వేళ్లు కిందకి దిగుతుంది. అక్కడ 25 మిల్లీమీటర్ల నైలాన్ నవారు వేయండి. కదలిక ఉన్నచోటే ఎలాస్టిక్. నవారుని ఫోమ్‌కి నేరుగా కుట్టకండి, దారం ఫోమ్‌ని కోసుకుంటూ వచ్చేస్తుంది. సుమారు 8 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్సిన్ ముక్కకి నవారు కుట్టించి, ఆ ముక్కని లోపల అతికించండి. విజయవాడలో అయితే ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టేచోట రెక్సిన్ తునకలు అడగండి, నవారు కూడా అక్కడే మిషన్ మీద వేయించుకోవచ్చు. చేతి కుట్టు ఈ లాగుడుకి ఆగదు. ఎలాస్టిక్, టిచ్ బటన్లు, వెల్క్రో వన్‌టౌన్‌లో కుట్టు సామాన్లు అమ్మే ఏ దుకాణంలోనైనా ఉంటాయి. గుంటూరు వాళ్లు పట్నం బజారు చూసుకోండి.

అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం, రబ్బరు జిగురు. తెల్ల ఫెవికాల్ కాదు. రెండు వైపులా పల్చగా పూసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, వేలు పెడితే జిగురు అంటకుండా కాస్త పట్టినట్టు ఉన్నప్పుడు కలపాలి. తడిగా ఉండగానే కలిపితే లోపల ద్రావకం చిక్కుకుని, వారంలో అంచు విడిపోతుంది. ఒకసారి తగిలితే జరపడం కుదరదు కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి నొక్కుకుంటూ రండి. ఏసీ గదిలో తలుపులేసుకుని మాత్రం చేయకండి. ఆ వాసన తలనొప్పితో మొదలవుతుంది.

మిగతా భాగాలు త్వరగా చెప్పేస్తాం. భుజకీర్తులు చేతికి కట్టేవి కావు, ఛాతీ కవచం భుజం మీంచి వేలాడాలి. చేతికి వదులుగా ఒక్క ఎలాస్టిక్ చాలు. తొడల పలకలు ఒక్కొక్కటీ విడిగా నడుము పట్టా నుంచి వేలాడాలి, రెండు కలిపి కుట్టేస్తే నడక మారిపోతుంది. పిక్కల కవచం జారుతోందంటే బిగించడం మందు కాదు, రక్తం ఆగుతుంది. మోకాలి కింద, పిక్క కండ మొదలయ్యే చోట లోపల వెల్క్రో పట్టీ ఒకటి వేయండి, చీలమండ దగ్గర చిన్న ఫోమ్ దిండు పెట్టి అది పాదం మీద ఆగేలా చేయండి. వెనక పై అంచు ముందుకంటే 3 సెంటీమీటర్లు కిందకి ఉండాలి, అప్పుడే మోకాలు మడుస్తుంది.

[దగ్గరి షాట్: రెండు అంచులు పక్కపక్కన. ఒకటి మొండిగా, ఒకటి లోపలికి ఏటవాలుగా.]

ఇక ఫినిషింగ్. ఈ రెండు ముక్కలూ ఒకే 10 మిల్లీమీటర్ల షీట్‌లోవి. ఎడమది చూడగానే చెప్పుల సోల్ గుర్తొస్తుంది, కుడిది ఇత్తడి రేకులా ఉంది. కుడిదాని అంచుని లోపలి వైపు నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కి, కనపడే మందం 2, 3 మిల్లీమీటర్లకి తెచ్చాం, అంతే. లోహపు రేకు పల్చగా ఉంటుందని కంటికి తెలుసు. మెడ, చంక, భుజకీర్తుల చివర్లు, ఈ మూడు చోట్లా ఇది చేస్తే చాలు. కట్టర్ బ్లేడు ప్రతి రెండు మూడు కోతలకీ కొస విరిచి కొత్తది వాడండి. మొద్దు బ్లేడు ఫోమ్‌ని కోయదు, చింపుతుంది.

అతుకుల సందులు పూడ్చడానికి గోడ పుట్టీ వాడొద్దు. కొండపల్లిలో బొమ్మల అతుకులకి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు, అద్భుతంగా నిలుస్తుంది. కానీ అక్కడ కింద ఉన్నది తెల్ల పొణికి చెక్క, వంగదు. ఇక్కడ ప్రతి అడుగుకీ ఫోమ్ వంగుతుంది, గట్టిగా ఆరే ఏ పూతైనా గీతలు పడి రాలిపోతుంది. ఆరాక కూడా సాగే యాక్రిలిక్ సీలెంట్ తీసుకుని, సందులోకి నొక్కి, తడివేలితో సమం చేసి, ఒక రోజు వదిలేయండి. సీలెంట్ పెట్టకముందే 120 నంబర్ సాండ్ పేపర్, తర్వాత 220తో అంచులు సాపు చేసుకోండి, మాస్కు వేసుకుని. ఆ పైన హీట్ గన్ (వేడిగాలి ఊదే మిషన్) తిప్పితే పైపొర మూసుకుని సన్నటి మెరుపు వస్తుంది. ఆ మెరుపు వచ్చాక మళ్లీ రుద్దితే నూగు లేస్తుంది.

హీట్ గన్ అయ్యాక సాగే గుణమున్న యాక్రిలిక్ పూత, మేడ మీద లీకులకి కొట్టేలాంటిది, పల్చగా మూడు సార్లు. తెల్ల ఫెవికాల్ నీళ్లలో కలిపి వేసేవాళ్లున్నారు. బయటికి ఫర్వాలేదు. లోపలి వైపు చెమట తగిలితే మెత్తబడి బట్టకి అంటుకుంటుంది.

[షాట్: నలుపు మీద బంగారు రంగు పొడి బ్రష్షుతో.]

ముందు నలుపు. దాని మీద బంగారు రంగు పొడి బ్రష్షుతో, అంటే అద్దిన రంగు దాదాపు అంతా తుడిచేసిన బ్రష్షుతో, ఎత్తుల మీద మాత్రమే. గుంటల్లో నలుపు ఉండిపోవాలి. తర్వాత ముదురు గోధుమ యాక్రిలిక్‌ని నీళ్లలా పల్చన చేసి పూసి, గుడ్డతో పైపైన తుడిచేయండి. పెళ్లి మండపం పసుపు నుంచి పాత ఇత్తడి దాకా ఈ ఒక్క పూతే తీసుకెళ్తుంది. పైన మ్యాట్ వార్నిష్ కొడితే లోహం మెరుపు చచ్చిపోతుంది, నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ కొడితే ప్లాస్టిక్ అవుతుంది. మధ్యరకం, శాటిన్ అడగండి.

అరుగుదల గుర్తులు ఊహించి వేయకండి. రంగు ఆరాక గంటసేపు వేసుకుని ఇల్లంతా తిరగండి. చెయ్యి ఎక్కడ రుద్దుకుందో, కత్తి ఒర ఎక్కడ కొట్టుకుందో అక్కడ రంగు తనే చెబుతుంది. అక్కడే పెంచండి.

సరిపోయిందో లేదో తేల్చడానికి మూడు మీటర్ల దూరం నుంచి ఫొటో తీసి, దాన్నీ సినిమా ఫ్రేమునీ రెండింటినీ బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కపక్కన పెట్టండి. అందులో మీ కవచం వెలవెలబోతోందంటే మీ గుంటలు చాలినంత నల్లగా లేవు. అందులో సరిపోయి రంగులో తేడా ఉంటే, ఇంకో గోధుమ పూతతో సరి.

[షాట్: కారు డిక్కీలో కవచం. దాని అతుకు విచ్చుకుని ఉంది.]

మన ఎండ గురించి ఒక్క మాట. మే నెలలో విజయవాడలో పగలు 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. మూసిన కారు లోపల దానికంటే చాలా ఎక్కువ. ఆ వేడికి రబ్బరు జిగురు మెత్తబడుతుంది, వంచి పెట్టిన ఫోమ్ తిరిగి చాపగా అవ్వాలని చూస్తుంది. రెండూ కలిస్తే ఇదిగో ఇలా. డిక్కీలో వదలకండి. మిట్టమధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు గాలిలోనే ఆరి ఇసకలా పడుతుంది, వానాకాలం ముసురులో కొడితే లక్కర్ (స్ప్రే వార్నిష్) తెల్లగా పాలిపోతుంది. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొట్టండి. వీపు పలకలో నగిషీ గుంటల్లో 6 మిల్లీమీటర్ల రంధ్రాలు పది పన్నెండు పెట్టండి, నల్లటి గుంటలో అవి కనపడవు, గాలి ఆడుతుంది.

[షాట్: కవచం వేసుకునే క్రమం, వేగంగా.]

వేసుకునేటప్పుడు పిక్కల కవచంతో మొదలుపెట్టండి. ఛాతీది ముందు వేసుకుంటే తర్వాత కాళ్ల దాకా వంగలేరు. పిక్కలు, నడుము పట్టా, ఛాతీ, వీపు, భుజకీర్తులు, ఆ తర్వాత ముంజేతులు. ముంజేతి కవచం పడ్డాక బకిళ్లు మీ వేళ్లకి అందవు, కాబట్టి వీపు బకిళ్లు పెట్టే మనిషిని ముందే పిలిచి ఉంచుకోండి. ఆ మనిషి జేబులో ఒక ఫెవిక్విక్, నాలుగు పిన్నీసులు, జానెడు నవారు, బంగారు రంగు చిన్న సీసా ఉండాలి. శిరస్త్రాణం ఫొటో తీసే ముందు.