ఇంటికంటే ముందు దారి

శ్రోతలకు నమస్కారం.

పల్లెలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లకు ప్లాను గురించి, వాస్తు గురించి, మేస్త్రీల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ పూట నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి. మీ స్థలంలోకి ఇసుక ట్రాక్టరు, కంకర లారీ ఏ దారిన వస్తాయి? ప్లాను గీయించకముందే ఆలోచించాల్సిన విషయం ఇది. నేను ఆలోచించలేదు. దానికి మా ఇంటి పని దాదాపు ఏడాది ఆగిపోయింది.

మాది కోనసీమ. మా స్థలం పంచాయతీ రోడ్డుకు 150 అడుగులు లోపల, కొబ్బరితోట వెనక ఉంటుంది. రోడ్డు పక్కనే ఒక పంటబోదె, అంటే చేలకు నీళ్లు తీసుకెళ్లే చిన్న కాలువ. బోదె మీద ఎప్పుడో వేసిన పాత సిమెంటు తూము, దాని మీద మట్టి. మోటార్ సైకిల్ పోతుంది, ఎడ్లబండి పోతుంది. చిన్నప్పటి నుంచి తిరిగిన దారి కాబట్టి అది చాలదన్న అనుమానమే రాలేదు.

పైగా మే నెలలో మెరక తోలించినప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలకు నీళ్లు ఆపేశారు, పక్క చేను ఎండి బండలా ఉంది. ఆ రైతును అడిగితే సరేనన్నాడు. ట్రాక్టర్లన్నీ చేలోంచే వచ్చి వెళ్లాయి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారు. జులైలో పునాదికి కంకర చెప్పేసరికి ఆ చేలో ఊడ్పులు అవుతున్నాయి. ఇక మిగిలింది బోదె మీది దారే.

లారీ డ్రైవరు దిగి, తూమును చూసి, ఆగదండీ అన్నాడు. ఏమీ కాదు, మెల్లగా పోనివ్వమని బతిమాలింది నేనే. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు ఎక్కగానే తూము పగిలి లారీ ఒక పక్కకు ఒరిగిపోయింది. జేసీబీ వచ్చి బయటికి లాగేసరికి సాయంత్రమైంది. అప్పటికి బోదె పూర్తిగా పూడుకుపోయింది. దిగువన నలుగురు రైతుల చేలకు నీళ్లు ఆగిపోయాయి.

వాళ్లు వచ్చారు. ఎవరూ కేకలు వేయలేదు. నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన ఒక్క మాట అన్నాడు. "నీ ఇల్లు ఇవాళ కాకపోతే రేపు కడతావురా అబ్బాయ్. నా నారు తీసేసి గట్టు మీద పెట్టాను, అది రేపటిదాకా ఆగదు." ఆ రాత్రి టార్చిలైట్లు పెట్టుకుని అందరం కలిసి మట్టి తోడి, ఉన్న ప్లాస్టిక్ పైపు వేసి నీళ్లు వదిలాం. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తర్వాత కంకర, ఇసుక, సిమెంటు అన్నీ రోడ్డు పక్కన దింపించి తట్టలతో మోయించాం. కొన్న సరుకుకు ఎంతో, మోతకూ అంత అవుతున్నట్టు అనిపించింది. ఒక రాత్రి వానకు రోడ్డు పక్కనున్న ఇసుక సగం బోదెలోకి కొట్టుకుపోయింది. పునాది మట్టం వరకూ లాగి, పని ఆపేశాను.

ఆ ఖాళీలో కూర్చుని వేసిన లెక్క మీకు చెబుతాను. ఐదు సెంట్ల స్థలమంటే 2,178 చదరపు అడుగులు. దాన్ని మూడు అడుగులు మెరక చేయాలంటే సుమారు 6,500 ఘనపు అడుగుల మట్టి. ట్రాక్టరుకు 100 ఘనపు అడుగులు పడుతుందనుకుంటే 65 ట్రాక్టర్లు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి మేస్త్రీలు చెప్పే లెక్కన సిమెంటు 400 బస్తాలు, అంటే 20 టన్నులు. ఇనుము 4 టన్నులు. ఇసుక 18 ట్రాక్టర్లు, కంకర 13, 14. ఇంకా ఇటుకలు, తలుపులు, టైల్సు ఉన్నాయి. ఇల్లంటే ముందు వందకు పైగా బళ్ల రాకపోకలు. మీ ఇంటికీ ఇలాంటి లెక్క ఒకటి కాగితం మీద వేసుకోండి.

ఆ బళ్లలో అన్నిటికంటే బరువైనదానికి సరిపోయేలా దారి ఉండాలి. పది టైర్ల టిప్పరు సరుకుతో కలిపి చట్టప్రకారమే 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. అంత బరువుకు మీ దారి ఆగదనుకుంటే ట్రాక్టరుతోనే తోలించుకోండి, ట్రిప్పులు పెరిగినా ఫరవాలేదు. లారీ వెడల్పు ఎనిమిదిన్నర అడుగుల వరకూ ఉంటుంది, అద్దాలు అదనం. కాబట్టి దారి 12 అడుగులకు తగ్గకూడదు. మలుపు దగ్గర ఇంకా ఎక్కువ కావాలి. గేటు స్తంభాలు ముందే కట్టేయకండి.

ఇనుప ఊచలు 40 అడుగుల పొడవుంటాయి. సన్నవి మడిచి పంపుతారు, లావువి మడవకుండానే వస్తాయి. అంత పొడవు మీ మలుపులో తిరుగుతుందా అని తాడు పట్టి చూసుకోండి.

పైకి కూడా చూడాలి. వీధి దాటే కరెంటు తీగ 19 అడుగుల ఎత్తుకు తగ్గకూడదని నిబంధన. టిప్పరు తొట్టి పూర్తిగా లేస్తే దాని కొస ఆ ఎత్తును అందుకోగలదు. తీగల కింద సరుకు దింపించడం ప్రాణాలతో చెలగాటం. ముందే లైన్‌మన్‌ను పిలిచి చూపించండి, మార్చాల్సివస్తే కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టండి.

ఇక కాగితాల సంగతి. పుంత అనీ డొంక అనీ బండ్లబాట అనీ మనం పిలిచే దారి నిజంగా సర్కారుదేనా, దాని వెడల్పు ఎంత అన్నది సర్వేయరు దగ్గరున్న కొలతల పటంలో తెలుస్తుంది. దారి వేరేవాళ్ల భూమిలోంచి అయితే మరీ జాగ్రత్త. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక రకం దారి హక్కు ఉన్నంత మాత్రాన మరో రకం దారి హక్కు రాదు. తాతల నాటి నడకదారి ఉంది కదా అని లారీ తోలే హక్కు ఉందనుకోకూడదు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడే దారి ఎన్ని అడుగులో, బళ్లు వెళ్లొచ్చో లేదో దస్తావేజులో రాయించుకోండి. నా దృష్టిలో ఇంటి ప్లాను కన్నా ఇదే ముఖ్యం. బోదె మీద కట్టే పనికి పంచాయతీతోపాటు నీటిపారుదల వాళ్ల అనుమతి కూడా తీసుకోండి.

మరుసటి వేసవిలో కాలువలకు నీళ్లు ఆపగానే మేం మొదట చేసింది దారి పనే. అడుగు లోతు బంకమట్టి తీసేసి, ఇసుక పరిచి, దాని మీద ఇటుక ముక్కలు, పైన గ్రావెల్ పోసి రోలరు తిప్పించాం. వాన నీళ్లు నిలవకుండా మధ్యలో మూడు అంగుళాలు ఎత్తు పెట్టాం. సిమెంటు రోడ్డు మాత్రం అప్పుడు వేయలేదు. టైల్సు, గ్రిల్సు కూడా వచ్చేశాక, చిట్టచివర వేశాం. ముందే వేసినవాళ్ల రోడ్లు పగలడం నేను చూశాను.

బోదెకు ఈసారి బరువు తట్టుకునే ఎన్‌పీ3 రకం తూములు తెప్పించాను. దింపబోతుంటే బాబాయి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "ఇంకో నాలుగు అంగుళాలు దించరా, లేకపోతే చివరి చేనుకు నీరు అందదు" అన్నాడు. తూములు పైకి తీసి, మళ్లీ తవ్వి, ఆయన చూపించిన మట్టానికి దించాం. జూన్‌లో నీళ్లు వదిలిన రోజు ఆయన, నేను బోదె వెంట చివరి చేను దాకా నడిచి వెళ్లాం. నీరు మాకంటే ముందే అక్కడికి చేరింది.

నమస్కారం.