రాత్రంతా ఉంచిన నీళ్లే కదా అనుకున్నా! మా 300 లీటర్ల వాటర్ ఛేంజ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వెనకాల బుడబుడమని వినిపిస్తోంది కదా, స్టవ్ మీద ఏదో ఉడుకుతోంది అనుకోకండి, నేను బేస్‌మెంట్‌లో ఉన్నా. ఇవాళ శుక్రవారం రాత్రి. రేపు పొద్దున్న మా ఆస్కార్ చేపల ట్యాంకులో నీళ్లు మార్చాలి. మార్చేది రేపే అయినా అసలు పనంతా ఈ రాత్రే ఉంటుంది, అందుకే ఇవాళ కెమెరా ఇక్కడ పెట్టా.

మాకున్నవి రెండే చేపలు, పెద్దోడు, చిన్నోడు. రెండే కదా అంటారేమో, ఆస్కార్లు తినేది ఎక్కువ, పాడు చేసేది అంతకంటే ఎక్కువ. ట్యాంకు 180 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. గుణించి వెయ్యితో భాగిస్తే 648 లీటర్లు. అడుగున రాళ్లూ పైన ఖాళీ తీసేస్తే 600 అనుకోండి. వారానికి సగం మారుస్తా, అంటే 300 లీటర్లు. బకెట్లతో మోసే రోజులు నావి అయిపోయాయి బాబూ, లీటరుకి కిలో చొప్పున 300 కిలోలు మెట్లెక్కించాలి! ఇప్పుడు 150 లీటర్ల డ్రమ్ములు రెండు, ఒక పంపు, ఒక పైపు, అంతే.

అసలు ఈ డ్రమ్ముల దాకా ఎందుకొచ్చానో చెప్తా.

చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన సూత్రం ఒక్కటే, కొళాయి నీళ్లు ఒక రాత్రి పట్టి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది, పొద్దున్నే చేపలకి పోసేయొచ్చు. ఇక్కడికి వచ్చి పెద్ద ట్యాంకు పెట్టిన మొదటి చలికాలంలో ఒక వారం కండిషనర్, అదే, చేపలకి పడని క్లోరిన్‌ని విరిచేసే మందు, అయిపోయింది, ఆర్డర్ ఇంకా రాలేదు. ఏముందిలే, రాత్రంతా ఉంచుదాం అని పట్టి ఉంచి, పొద్దున్నే ధీమాగా పోసేశా. పోసిన పది నిమిషాలకి పెద్దోడు అడుగుకి వెళ్లి పక్కకి ఒరిగి పడుకున్నాడు. ఆస్కార్లని పెంచినవాళ్లకి తెలుసు, నీళ్లు మారిస్తే చాలు వీళ్లు అలుగుతారు, చచ్చినట్టు పడుకుని నాటకాలాడతారు. నేనూ అదే అనుకుని కాఫీ తాగడానికి పైకొచ్చేశా.

అరగంటకి మా వారు కిందనుంచి కేకేశారు. "ఏమోయ్, ఒకసారి రా, వీళ్లిద్దరూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నారు." వెళ్లి చూస్తే మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి, చిన్నోడు ఒళ్లంతా రాళ్లకేసి రాసుకుంటున్నాడు. ఇది నాటకం కాదు. వీధి చివర చేపలు పెంచే ఆయన ఇంటికి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తి, కండిషనర్ సీసా అడిగి తెచ్చి, మొత్తం ట్యాంకుకి సరిపడా వేశా. సాయంత్రానికి తేరుకున్నారు. నాకు తేరుకోడానికి వారం పట్టింది.

తర్వాత నీళ్ల బిల్లు పంపేవాళ్లు ఏటా పెట్టే వాటర్ క్వాలిటీ రిపోర్ట్ తీసి చదివితే అందులో ఉంది, మా కొళాయిలో వచ్చేది క్లోరిన్ కాదు, క్లోరమిన్. క్లోరిన్‌ని అమ్మోనియాతో కలిపితే వచ్చేదే ఇది. పొడవైన పైపుల్లో చివరి ఇంటి దాకా నిలబడి ఉంటుందనే వాడతారు. పైపుల్లో రోజుల తరబడి నిలబడేది మన డ్రమ్ములో ఒక్క రాత్రికి పోతుందా? పోదు. మామూలు క్లోరిన్ అయితే ఎయిర్ స్టోన్, అంటే నీళ్లలోకి గాలి బుడగలు వదిలే రాయి, పెట్టి ఒకట్రెండు రోజులు ఉంచితే చాలావరకు పోతుంది, అందులో తప్పు లేదు. మన కొళాయిలో ఏది వస్తోందో తెలియకుండా సూత్రాన్ని నమ్మడమే తప్పు.

ఇదిగో చూడండి, కెమెరా కాస్త దగ్గరకి పెడతా. నీళ్లని పరీక్షించే ఈ స్ట్రిప్‌లో రెండు గళ్లున్నాయి, ఒకటి ఫ్రీ క్లోరిన్, రెండోది టోటల్ క్లోరిన్. ఇప్పుడే పట్టిన నీళ్లలో ముంచా. ఫ్రీ గడి తెల్లగానే ఉంది, టోటల్ మాత్రం మెల్లగా రంగెక్కుతోంది... లీటరుకి 3 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. ఈ రెండింటి తేడా ఎంతో అంత క్లోరమిన్ అన్నమాట. ఫ్రీ, టోటల్ రెండూ ఒకేలా వస్తే అది ఉత్త క్లోరిన్. ఒక్క ఫ్రీ క్లోరిన్ స్ట్రిప్ మాత్రమే కొన్నవాళ్లకి సున్నా చూపించి హాయిగా మోసం చేస్తుంది, కొనేటప్పుడు చూసుకోండి. ఇంకో సంగతి, కొన్నిచోట్ల పైపుల శుభ్రం కోసం ఏడాదిలో కొన్ని వారాలు క్లోరమిన్ ఆపి ఉత్త క్లోరిన్ పంపుతారు. అందుకే నేను ప్రతి వారం ముంచి చూస్తా, బద్ధకించను.

ఇప్పుడు కండిషనర్. చాలా సీసాల మీద క్లోరిన్‌కి ఒక లెక్క, క్లోరమిన్‌కి ఇంకో లెక్క రాసి ఉంటుంది, రెండోదే చూడండి. డ్రమ్ములోనే కలుపుతున్నాం కాబట్టి 150 లీటర్లకే వేస్తే చాలు. అదే కొళాయికి పైపు తగిలించి నేరుగా ట్యాంకులోకి వదిలేవాళ్లు మాత్రం కొత్త నీళ్లకి కాదు, మొత్తం ట్యాంకుకి లెక్కేసి, నీళ్లు వదలకముందే వేయాలి, ఎందుకంటే మందు పాత నీళ్లలోకి కూడా చెదిరిపోతుంది. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే.

వేసి బాగా కలిపాక మళ్లీ ముంచితే టోటల్ కూడా సున్నా. అయిపోయిందా? కాలేదు. క్లోరమిన్ విరిగితే అందులోని అమ్మోనియా బయటికొస్తుంది. 3 మిల్లీగ్రాముల క్లోరమిన్‌కి లీటరులో 0.6 దాకా అమ్మోనియా నైట్రోజన్ మిగలొచ్చు. ఇది ఎంత ప్రమాదమనేది పీహెచ్ మీద, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం మీద ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అందులో విషంగా ఉండే భాగం అర శాతం కంటే కాస్తే ఎక్కువ, 8 అయితే అయిదు శాతం పైనే. దాదాపు పదింతలు! అమ్మోనియాని కట్టిపడేస్తాం అని సీసాల మీద రాస్తారు గానీ, నేను ఆ రాతకంటే ఏళ్లుగా నడుస్తున్న నా ఫిల్టర్ని ఎక్కువ నమ్ముతా. అందులో పెరిగిన బ్యాక్టీరియా పటిష్ఠంగా ఉంటే ఈ కాస్త అమ్మోనియాని తినేస్తుంది. ట్యాంకు కొత్తదైతే మాత్రం ఒకేసారి సగం మార్చకండి, కొంచెం కొంచెంగా మార్చండి.

ఇక చలి. ఈ నెలల్లో మా కొళాయి నీళ్లు 8 డిగ్రీలుంటాయి, చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ట్యాంకు 26. ఒక డ్రమ్ము నీళ్లు 18 డిగ్రీలు పెరగాలంటే దాదాపు 3.1 యూనిట్ల కరెంటు కావాలి. అంటే 300 వాట్ల హీటర్‌కి పదిన్నర గంటలు, పక్కలనుంచి పోయే వేడి కాకుండా. అందుకే రాత్రి ఎనిమిదికే ఆన్ చేస్తా. వేడినీళ్ల కొళాయి తిప్పి కలపొచ్చు కదా అని మా వారు ప్రతిసారీ అంటారు. రాగి పైపుల్లో వేడినీళ్లు నిలిచి ఉంటే రాగి కాస్త దిగుతుంది, రొయ్యలు పెంచేవాళ్లకైతే అది అసలు పనికిరాదు. నాకెందుకో మనసొప్పదు, అంతే.

ఈ బుడబుడ ఎయిర్ స్టోన్‌ది. చల్లని నీళ్లు పైపుల్లో ఒత్తిడిలో ఉన్నప్పుడు గాలి ఎక్కువ పట్టి ఉంచుకుంటాయి, వేడెక్కగానే సోడా మూత తీసినట్టు బయటికి తన్నుకొస్తుంది. గ్లాసులో పట్టి చూడండి, గోడలకి చిన్న చిన్న ముత్యాల్లా అతుక్కుంటాయి. అలాంటి నీళ్లు ఎక్కువగా నేరుగా పోస్తే చేపల ఒంట్లోనే బుడగలు పుట్టొచ్చు. రాత్రంతా కలియబెడితే ఆ గాలి సర్దుకుంటుంది. పీహెచ్ కూడా అసలు రూపంలోకి వస్తుంది, మా నీళ్లు పట్టగానే 7.2 చూపించి మర్నాటికి 7.8 అవుతాయి.

సరే, పొద్దున్నయింది. థర్మామీటర్ 25 చూపిస్తోంది, ఒక డిగ్రీ తేడా పర్లేదు. ట్యాంకు హీటర్ ప్లగ్ ముందే తీసేశా, నీళ్లు తగ్గి గాజు బయటపడితే పగులుతుంది. సగం నీళ్లు తోడేశా, ఇప్పుడు డ్రమ్ములో పంపు వేశా. పైపు నోటికి అడ్డంగా ఒక పళ్లెం పెట్టా, లేకపోతే ఇసుకంతా లేచిపోతుంది. చిన్నోడు వచ్చి పళ్లేన్ని ముక్కుతో గుద్దుతున్నాడు, వాడికి రోజూ ఇదే పని.

రెండో డ్రమ్ము అడుగున పంపు గుర్రుమంటోంది, గాలి లాగుతోంది, ఆపేశా. హీటర్ పెట్టేశా. పెద్దోడు అప్పుడే మూలకెళ్లి పక్కకి ఒరిగాడు. వంగి మొప్పలు చూశా. మెల్లగా, తీరిగ్గా తెరుచుకుంటున్నాయి, ఒక కన్ను మాత్రం తిప్పి నన్నే చూస్తోంది. నాటకమే.