శంకర్ పేరు కూడా చెప్పండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో అక్కయ్యలకి, కుర్చీలు చాలక వెనకాల నిలబడి వింటున్న తమ్ముళ్ళకి కూడా. ఇవాళ్టి ఈ పాత హిందీ పాటల ప్రోగ్రాంలో గాయకులు రఫీ, లతాజీ, ముకేష్ ముగ్గురి గురించీ తలా కాసేపు మాట్లాడమన్నారు. రఫీ సాబ్‌తోనే మొదలుపెడదామని వచ్చా, మా నాన్నగారికి ఆయనంటే ప్రాణం. బుధవారం రాత్రి రేడియో సిలోన్‌లో హిందీ పాటల ప్రోగ్రాం బినాకా గీత్‌మాలా వచ్చే టైముకి అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు చేసినా నాన్నగారు తల తిప్పి చూసేవారు. అమీన్ సయానీ గారు ఎవరు పాడారు, ఎవరు రాశారు, సంగీతం ఎవరు అని చెప్తుంటే నేను ఆ పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

ఇందాక మన ప్రోగ్రాం కాగితం చేతికిచ్చారు కదా. పాట ఉంది, సినిమా ఉంది, పాడిన వాళ్ళ పేరుంది, ఇవాళ ఇక్కడ పాడేవాళ్ళ పేరు కూడా ఉంది. బాణీ కట్టినాయన పేరు ఒక్కదానికీ లేదు! అది చూశాక నేను అనుకున్నదంతా పక్కకిపోయింది, క్షమించండి, ఇవాళ శంకర్ గారి గురించే మాట్లాడతా.

శంకర్ సింగ్ రఘువంశీ. సంగీత దర్శకుల జంట శంకర్-జైకిషన్‌లో శంకర్. హైదరాబాదులో పెరిగిన మనిషి అండీ, తబలా వాయించేవాడు, డాన్స్ ట్రూపులో తిరిగి బొంబాయిలో పృథ్వీ థియేటర్స్ అనే నాటకాల కంపెనీలో చేరాడు. గుజరాత్ నుంచి వచ్చిన హార్మోనియం కుర్రాడు జైకిషన్‌ని అక్కడికి తీసుకొచ్చింది కూడా ఈయనే. 1949లో బర్సాత్ సినిమా. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు హిందీ పాట అంటే వాళ్ళిద్దరే అన్నట్టు నడిచింది. ఫిల్మ్‌ఫేర్ అవార్డులే 9.

1955లో శ్రీ 420 సినిమా. అందులో "రామయ్యా వస్తావయ్యా" అన్న మన తెలుగు మాట బొంబాయి పాటలోకి వచ్చిందంటే అది హైదరాబాదు శంకర్ వల్లే. ఆ పాట ఈసారి జాగ్రత్తగా వినండి. ముందు వీధిలో జనంతో రఫీ అందుకుంటాడు, తర్వాత హీరోయిన్ నర్గీస్‌కి లత, హీరో రాజ్ కపూర్‌కి పాడే ముకేష్ మాత్రం అప్పటిదాకా ఎక్కడా వినపడడు. రాజ్ కపూర్ ఆ డబ్బున్నవాళ్ళ లోకం వదిలేసి వెతుక్కుంటూ వచ్చాక, చివరి చరణంలో అప్పుడు వస్తుంది ముకేష్ గొంతు. హీరో గొంతుని అంతసేపు ఆపి ఉంచడానికి ఎంత ధైర్యం ఉండాలి చెప్పండి?

ఇంకో గాయకుడు మన్నాడే గారి సంగతి కూడా చెప్పాలి. 1956లో చోరీ చోరీ, మద్రాసు ఏవీఎం వాళ్ళ సినిమా. రాజ్ కపూర్‌కి ముకేషే పాడాలని నిర్మాత మెయ్యప్పన్ గారి పట్టు. శంకర్-జైకిషన్ వినలేదు, మన్నాడేతోనే పాడించారు. అదే ఏడాది బసంత్ బహార్‌లో ఒక పోటీ పాట, అవతల పాడేది భీమ్‌సేన్ జోషీ గారు, ఇవతల మన్నాడే, కథ ప్రకారం మన్నాడే గొంతే గెలవాలి. అంతటి పండితుణ్ణి నేను ఓడించడమేంటి అని ఆయనకి చెమటలు పట్టాయి, ఊరొదిలి పోదామని ఇంట్లో అన్నారట, భార్యే ధైర్యం చెప్పి పంపింది. జోషీ గారు కూడా ఎంతో మెచ్చుకున్నారు ఆయన్ని. వీళ్ళకి వయొలిన్ల హోరు తప్ప రాగం తెలీదన్న వాళ్ళకి ఆ ఒక్క సినిమా చాలదా?

అసలు నేను చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు, రెండు నిమిషాలు ఇవ్వండి సార్.

మనస్పర్థలొచ్చాయి శంకర్, జైకిషన్ ఇద్దరికీ. బాణీలు విడివిడిగా కట్టుకున్నారు, పేరు మాత్రం ఒకటే పడేది. 1971 సెప్టెంబరులో జైకిషన్ పోయాడు, చిన్న వయసు. ఆ తర్వాత శంకర్ ఒక్కడే పనిచేశాడు, సన్యాసీ లాంటి హిట్టు కూడా ఇచ్చాడు. తెర మీద పేరు ఏం పడింది? శంకర్-జైకిషన్! 1987లో తను పోయేదాకా, దాదాపు 16 ఏళ్ళు, లేని మనిషి పేరు తన పేరు పక్కన వేయిస్తూనే ఉన్నాడు. అవకాశాలు తగ్గిపోయినప్పుడు కూడా ఆ పేరు తీసేయలేదు. నాకు ఇది తలుచుకుంటే గొంతు పూడుకుపోతుంది.

అలాంటి మనిషి ఏప్రిల్ 26న పోతే సినిమా వాళ్ళలోనే చాలామందికి కబురు అందలేదు. జైకిషన్ వెనక అన్నివేల మంది నడిచారు, ఈయన వెనక పట్టుమని జనం లేరు. అప్పుడు వాళ్ళు మర్చిపోయారు, ఇప్పుడు మనం కాగితంలో పేరు కూడా వేయట్లేదు. ఎవరి మీదా కోపంతో అనట్లేదు నేను. గాయకులంటే నాకూ ప్రాణమే. కానీ ఆ గొంతులకి పాట ఇచ్చిన వాళ్ళని, పాటకి మాటలు రాసిన శైలేంద్రని, హస్రత్ జైపురీని, ఆ డోలక్ నడక పట్టుకున్న దత్తారాంని, వాద్యాలన్నీ కూర్చిన అరేంజర్ సెబాస్టియన్‌ని, ఒక్కసారి నోటితో చెప్పడానికి ఎంత టైము పడుతుంది? అర నిమిషం కూడా పట్టదు కదా.

కమిటీ వాళ్ళని ఒక్కటే అడుగుతున్నా, వచ్చే నెల కాగితంలో ఈ పేర్లకి కూడా ఒక గడి పెట్టించండి. ఇవాల్టి పాటలకి వివరాలు నేనే రాసి తెచ్చి మైకు దగ్గర పెడతా, పాడేవాళ్ళు చూసి చదివితే చాలు. ఏమ్మా, రెడీయేనా, నీదే కదా ఫస్ట్ పాట? శ్రుతి చూసుకో, చదివాకే మొదలుపెట్టు.